ఒక్కరే ఓడలో అట్లాంటిక్ దాటాలంటే: క్యాబిన్ బుకింగ్ నుంచి దిగేదాకా

మీరు అడిగింది చదివాను. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి విమానం కాకుండా ఓడలో వెళ్దామని ఉంది, తోడు ఎవరూ లేరు, మూడు భయాలు రాశారు: ఒక్కళ్ళకి ఇద్దరి డబ్బులు కట్టాల్సొస్తుందా, దారంతా వాంతులతో మంచం మీదే పడుంటానా, వారం రోజులు నీళ్ళు తప్ప ఏమీ కనపడకపోతే పిచ్చెక్కదా అని. నేను అట్లాంటిక్ అటూ ఇటూ ఒంటరిగానే దాటాను, లైనర్‌లోనూ వెళ్ళాను, మామూలు క్రూజ్ షిప్‌లోనూ వెళ్ళాను, కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. మీ మొదటి భయం నిజమే, రెండోది సగం నిజం, మూడో దానికి మాత్రం అంత సీన్ లేదు. అసలు ఆలోచించుకోవాల్సినవి మీరు రాయనేలేదు: ఏ క్యాబిన్ తీసుకుంటారు, ఏ దిక్కుకి వెళ్తారు, మొదటి రోజు సాయంత్రం భోజనానికి ఎక్కడ కూర్చుంటారు. ఒక్కరే వెళ్ళేవాళ్ళకి వారం బాగా గడవడం, గడవకపోవడం ఎక్కువగా వీటి మీదే ఉంటుంది, ఇద్దరు వెళ్తే ఇవేవీ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ముందు ఓడల సంగతి. ఇవాళ అట్లాంటిక్ మీద టైంటేబుల్ పెట్టుకుని రెగ్యులర్‌గా తిరిగే అసలు సిసలు లైనర్ ఒక్కటే మిగిలింది, క్యూనార్డ్ అనే కంపెనీ వాళ్ళ క్వీన్ మేరీ 2. 2004లో సర్వీసులోకి వచ్చింది, ఫ్రాన్స్‌లో సాన్ నజేర్‌లో కట్టారు, పొడవు 345 మీటర్లు, సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్ టెర్మినల్‌కి మామూలుగా 7 రాత్రులు. ఇంత మోడరన్ ఓడకి 7 రాత్రులేంటి అని అందరూ అడుగుతారు, ఎందుకంటే 1952లోనే యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ మూడున్నర రోజుల్లో దాటేసి రికార్డు కొట్టింది. కానీ అప్పుడు విమానాల పోటీ ఇంత లేదు, అవతలి ఒడ్డుకి ముందు చేరిన ఓడకే పేరు. 1958లో జెట్లు అట్లాంటిక్ దాటడం మొదలెట్టాక తొందర ఉన్నోళ్ళంతా అటు వెళ్ళిపోయారు, ఇప్పుడు ఓడ ఎక్కేవాళ్ళు సముద్రం మీద గడిపే ఆ రోజుల కోసమే డబ్బులిస్తున్నారు. క్వీన్ మేరీ 30 నాట్స్ దాకా, అంటే గంటకి ఇంచుమించు 55 కిలోమీటర్ల దాకా పోగలదు, కానీ ఇంధనం మిగలాలి కదా, అందుకని 20 పైచిలుకు నాట్స్‌తోనే నింపాదిగా పోతుంది. ఆ మిగిలిన వేగం ఊరికే ఏం పోదు, తుఫాను వస్తే పక్కకి తప్పుకుని పోవడానికీ, ఆలస్యమైతే మళ్ళీ అందుకోవడానికీ పనికొస్తుంది.

లైనర్ అంటే ఏదో ఫ్యాన్సీ పేరు అనుకోకండి, కట్టడమే వేరు. ముక్కు పొడుగ్గా, కోసుగా ఉంటుంది, స్టీలు మందం ఎక్కువ, నీళ్ళలోకి ఇంకొంచెం లోతుగా దిగి ఉంటుంది, లైఫ్ బోట్లు కూడా బాగా పైన కడతారు, పెద్ద అలలకి అందకుండా. క్రూజ్ షిప్ ఎండ ఉన్నచోట రేవు నుంచి రేవుకి తిరగడానికి కట్టింది, లైనర్ సముద్రం బాగాలేకపోయినా చెప్పిన రోజుకి అవతలి ఒడ్డు చేరడానికి కట్టింది. అట్లాంటిక్ ఉత్తరభాగంలో చలికాలం అయితే ఈ తేడా మీ కడుపుకే తెలుస్తుంది.

రెండో దారి రీపొజిషనింగ్ ప్రయాణాలు. ఎండాకాలం మధ్యధరా సముద్రంలో తిరిగే క్రూజ్ షిప్పులు చాలావరకు అక్టోబర్, నవంబర్‌లలో కరీబియన్ వైపుకి మారతాయి, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో వెనక్కి వస్తాయి. ఖాళీగా నడపలేరు కాబట్టి వన్‌వే టికెట్లు చవగ్గా అమ్ముతారు. బార్సిలోనా నుంచి మయామీ లాంటి రూట్లు, 12 నుంచి 16 రోజులు పడుతుంది, మధ్యలో మదీరా, కెనరీ దీవులు, అజోర్స్ లాంటి చోట్ల ఆగుతుంది, ఆ తర్వాత ఓ వారం అచ్చంగా సముద్రమే. శరదృతువులో పడమటికి వెళ్ళే దారి చాలామటుకు దక్షిణంగా ఉంటుంది, 1492లో కొలంబస్ కూడా కెనరీ దీవుల దాకా దిగి ఈశాన్య వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తుంటే అలాగే వెళ్ళాడు. గాలి వెనక నుంచే కాబట్టి ఓడ నెమ్మదిగా ఊగుతుంది, రోజురోజుకీ వేడి పెరుగుతుంది, నాలుగో రోజుకి స్వెట్టర్ లోపల పెట్టేస్తారు. మీకు న్యూయార్కే కావాలని పట్టుదల లేకపోతే, తక్కువ డబ్బుల్లో సముద్రం చూడాలంటే, ఇది బేరం. కాకపోతే ఈ ఓడల్లో గోల ఎక్కువ, పూల్ దగ్గర పొద్దస్తమానం మ్యూజిక్కే, నాకైతే నచ్చదు, మీ ఇష్టం.

సరుకు ఓడల్లో వెళ్ళొచ్చు కదా అని మీకు ఎవరో చెప్పారన్నారు. నిజమే, ఒకప్పుడు బాగానే తీసుకెళ్ళేవాళ్ళు, 12 మంది దాకా. ఆ 12 ఎందుకంటే అంతకంటే ఎక్కువైతే అంతర్జాతీయ రూల్స్ ప్రకారం అది ప్యాసింజర్ షిప్ లెక్కలోకి వచ్చేస్తుంది, దానికి వేరే హంగులన్నీ కావాలి. 2020లో కోవిడ్‌తో చాలా కంపెనీలు ఆపేశాయి, ఎక్కువమంది మళ్ళీ మొదలెట్టలేదు. మొదటిసారికి దాని జోలికి పోకండి, డాక్టర్ ఉండడు, బయల్దేరే తేదీ వారం అటూ ఇటూ అవుతుంది.

ఇంక డబ్బులు. క్రూజ్ కంపెనీలు చూపించే రేటు "ఒక్కొక్కరికి, ఇద్దరు ఒకే క్యాబిన్‌లో ఉంటే" అని. ఒక్కళ్ళే ఉంటే దాని మీద సింగిల్ సప్లిమెంట్ పడుతుంది, మొత్తం కలిపి ఒకరి రేటుకి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దాకా పోతుంది. క్వీన్ మేరీలో 2016లో రిపేర్లకి పెట్టినప్పుడు 15 సింగిల్ క్యాబిన్లు కొత్తగా కట్టారు, కిటికీలు పెద్దవి, కింది డెక్కుల్లో, అంటే కింది అంతస్తుల్లో ఉంటాయి, నిజంగా మంచి గదులు, కానీ ఓడలో దాదాపు 2,700 మంది ఎక్కితే సింగిల్ గదులు 15 ఏ మూలకి సరిపోతాయి, రిలీజ్ అవగానే అయిపోతాయి. పైగా సింగిల్ క్యాబిన్ అంటే సగం రేటు అనుకోవద్దు, ఇద్దరి క్యాబిన్‌లో ఒకరి వాటా కంటే బాగానే ఎక్కువుంటుంది, అందుకని రెండు రేట్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి కట్టండి, కొన్నిసార్లు ఇద్దరికి కట్టిన ఇన్‌సైడ్ క్యాబిన్ (కిటికీ లేని లోపలి గది) మీరొక్కరే తీసుకున్నా తక్కువ పడుతుంది. నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళు 2010లో ఎపిక్ అనే ఓడలో 128 స్టూడియో క్యాబిన్లు పెట్టారు ఒంటరి ప్రయాణికుల కోసమే, వాటికి వేరే లాంజ్ కూడా ఉంటుంది, ఆ తర్వాతే మిగతా కంపెనీలకి కూడా కొంచెం బుద్ధొచ్చింది. టిప్పులు మాత్రం మనిషికి రోజుకి ఇంత అని వేస్తారు, అది ఒక్కళ్ళకే కడతారు, అదొక్కటే మనకి ఊరట.

క్యాబిన్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జనం ఇక్కడే డబ్బులు తగలేస్తారు. అందరూ బాల్కనీ కావాలంటారు. ఉత్తర అట్లాంటిక్‌లో బాల్కనీ తలుపు తీస్తే ఓడ వేగం, ఎదురుగాలి రెండూ కలిసి కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోనివ్వవు, జులైలో తప్ప. క్వీన్ మేరీలో 4, 5, 6 డెక్కుల్లో షెల్టర్డ్ బాల్కనీలని ఉంటాయి, అవి ఓడ గోడలోనే కంత కోసి పెట్టినట్టుంటాయి, గాలి తగలదు కానీ కూర్చుంటే ఎదురుగా స్టీలు గోడే కనపడుతుంది, సముద్రం చూడాలంటే లేచి నిలబడాలి. ఇది తెలిసి తీసుకుంటే పర్లేదు, ఎందుకంటే ఆ డెక్కులు ఓడ మధ్యలో, కింద ఉంటాయి, అన్నిటికంటే ముఖ్యం అదే. ఓడ ముందుకీ వెనక్కీ లేచి పడుతుంటే రెండు కొసలూ ఎక్కువ కదులుతాయి, మధ్యలో అంతగా తెలీదు, పక్కలకి ఊగుతుంటే పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. బస్సులో వెనక చక్రాల మీద సీటుకీ మధ్య సీటుకీ తేడా తెలుసు కదా, అదే ఇక్కడ. కాబట్టి మీ డబ్బులు బాల్కనీ మీద కాకుండా పొజిషన్ మీద పెట్టండి, మధ్యలో కింది డెక్, కుదిరితే కిటికీ. ఇంకోటి, డెక్ ప్లాన్ తీసి మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి, పైన కూడా క్యాబిన్లే ఉంటే మంచిది, కిచెనో డాన్స్ ఫ్లోరో ఉంటే నిద్ర ఉండదు.

రేటు తగ్గుతుందని "గ్యారంటీ క్యాబిన్" అని ఒకటి అమ్ముతారు, గది నంబర్ వాళ్ళే తర్వాత ఇస్తారు. తోడుంటే సరే. కడుపులో తిప్పే అలవాటుండి ఒక్కళ్ళే వెళ్ళేవాళ్ళు తీసుకోవద్దనే చెప్తాను, ఓడ ముక్కు దగ్గర గది ఇచ్చారనుకోండి, రాత్రి అల తగిలినప్పుడల్లా ధబ్ ధబ్‌మని మోత. పొగమంచులో అయితే హారన్ కూడా. ముందుకు పోతున్న ఓడ పొగమంచులో రెండు నిమిషాలు దాటకుండా ఒక పొడుగు కూత వెయ్యాలని రూల్, రాత్రంతా అయినా సరే. లాబ్రడార్ నుంచి వచ్చే చల్లటి నీళ్ళూ గల్ఫ్ స్ట్రీమ్ వేడి నీళ్ళూ న్యూఫౌండ్‌లాండ్ కింద గ్రాండ్ బ్యాంక్స్ అనే కెనడా తీరపు లోతు తక్కువ సముద్రం దగ్గర కలుస్తాయి, వేసవి మొదట్లో అక్కడ పొగమంచు మామూలే. నాకు ఆ కూత ఇష్టం, డెక్ మీద నిలబడితే అది ఛాతీలో మోగినట్టుంటుంది, కానీ నిద్రపోయేటప్పుడు వినాలని లేదు.

దిక్కు సంగతి చాలామంది అసలు ఆలోచించరు. పడమటికి, అంటే ఇంగ్లండ్ నుంచి అమెరికాకి వెళ్తే, దారిలో 5 రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అంటే ఐదు సార్లు రోజుకి 25 గంటలు. జెట్‌లాగ్ అన్న మాటే ఉండదు, దిగేసరికి ఒళ్ళు న్యూయార్క్ టైంకి అలవాటు పడిపోయి ఉంటుంది. తూర్పుకి వస్తే ఆ ఐదు గంటలూ పోతాయి, ఈమధ్య రాత్రి కాకుండా మధ్యాహ్నం 12కి ఒంటిగంట చేసేస్తున్నారు, నిద్ర పోదు కానీ మధ్యాహ్నం గంట మాయమైపోతుంది, భోజనం అవగానే టీ టైం వచ్చేస్తుంది. ఓడలో ఖాళీగా ఉండటమే మీ భయం అయితే తూర్పుకే వెళ్ళమంటాను సరదాకి, కానీ మొదటిసారి, ఒక్కళ్ళే అంటే పడమటికే. మీరు ఎలాగూ అటే వెళ్తున్నారు కాబట్టి మార్చకండి. ఆఖరి రోజు పొద్దున న్యూయార్క్‌లోకి వెళ్ళడం కూడా సౌతాంప్టన్‌లో దిగడం కంటే వంద రెట్లు బాగుంటుంది, దాని గురించి కింద చెప్తాను.

నెలలు చెప్పాలంటే, మే నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా సముద్రం కొంచెం మంచిగా ఉంటుంది. హరికేన్ సీజన్ జూన్ నుంచి నవంబర్ దాకా, కానీ ఓడ వాటిని ముందే చూసి పక్కకి తప్పుకుంటుంది. డిసెంబర్, జనవరిలో 3, 4 మీటర్ల అలలు పెద్ద వార్త కాదు, పెద్ద గాలి వస్తే బయటి డెక్ తలుపులు మూసేస్తారు. మంచుకొండల గురించి భయం వద్దు, 1912లో టైటానిక్ మునిగాక 1914 నుంచి ఇంటర్నేషనల్ ఐస్ పెట్రోల్ అని ఆ ప్రాంతం మీద నిఘా పెట్టారు, మంచు ఉన్న సీజన్‌లో ఓడలు దక్షిణంగా జరిగి పోతాయి. టైటానిక్ పడున్న చోటు చుట్టుపక్కల నుంచి వెళ్తే కెప్టెన్ కొన్నిసార్లు మైకులో చెప్తాడు, కింద 3,800 మీటర్ల లోతు అని. విన్నవాళ్ళంతా రెయిలింగ్ దగ్గరికి పోయి నీళ్ళలోకి చూస్తారు, ఏం కనపడుతుందనో మరి.

ఇప్పుడు వాంతులు. ఎక్కువమందికి మొదటి రెండు మూడు రోజులే ఇబ్బంది, తర్వాత ఒళ్ళు సర్దుకుంటుంది. మందు వికారం మొదలయ్యాక కాదు, మొదలవకముందే వేసుకోవాలి, అందరూ మర్చిపోయేది ఇదే. మెక్లిజిన్ లాంటి మాత్రలు ఓ గంట ముందు వేసుకుంటే చాలు, కొంచెం మత్తుగా ఉంటుంది. చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది, కానీ డాక్టర్ని అడగకుండా వద్దు, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకి పనికిరాదు, అంటించాక చెయ్యి కడుక్కోకుండా కన్ను నలిపితే కంటిపాప పెద్దదైపోయి చూపు మసకేస్తుంది. ఏ మందైనా దాంతోపాటు ఆల్కహాల్ వద్దు. ఓడ రిసెప్షన్‌లో కూడా మాత్రలు దొరుకుతాయి, మెడికల్ సెంటర్‌లో ఇంజెక్షన్ కూడా ఇస్తారు, బిల్లు వేస్తారు లెండి. ఖాళీ కడుపుతో ఉండకండి, పొడి బిస్కెట్లు, పచ్చ యాపిల్, అల్లం ఇలాంటివి సాయం చేస్తాయి. తల తిరుగుతుంటే గదిలో పడుకుని ఫోన్ చూడటం అన్నిటికంటే దరిద్రమైన పని, బయటికొచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు పెట్టండి. ఒక్కళ్ళే ఉన్నప్పుడు ఇబ్బంది ఏంటంటే లేపి బయటికి తీసుకెళ్ళేవాళ్ళు ఉండరు, అందుకే బోర్డెక్కిన మొదటి రోజే గది చూసే స్టువర్డ్‌తో, "నేను ఒక్కళ్ళనే, మధ్యాహ్నం దాకా తలుపు తియ్యకపోతే ఒకసారి కొట్టి చూడండి" అని చెప్పి పెట్టండి. వాళ్ళకి ఇది కొత్త కాదు.

గాలి రాబోతోందని ఎలా తెలుస్తుందంటే, లిఫ్టుల దగ్గర, మెట్ల రెయిలింగులకి కాగితం సంచులు దోపుతారు, ఎవరూ ఏమీ మాట్లాడరు, సంచులు కనపడతాయి అంతే. ఆ రాత్రి గదిలో బీరువాలో హ్యాంగర్లు ఒకటే టకటక కొట్టుకుంటాయి, గోడల ప్యానెళ్ళు కిర్రుమంటాయి, సొరుగులు వాటంతటవే తెరుచుకుంటాయి. పడుకునే ముందు హ్యాంగర్ల మధ్య టవల్ ఒకటి కుక్కండి, టేబుల్ మీద గ్లాసులు తీసి సింక్‌లో పెట్టండి, సొరుగు సందులో మడత పెట్టిన కాగితం దూర్చండి. ఒంటరిగా చీకట్లో ఆ చప్పుళ్ళు వింటుంటే ఓడ విరుగుతోందేమో అనిపిస్తుంది. ఓడ వంగకపోతేనే ప్రమాదం, వంగుతోంది కాబట్టే చప్పుడు.

ఇక మనుషులు. బయల్దేరే ముందు మస్టర్ డ్రిల్ ఉంటుంది, ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత, అది విన్నప్పుడు ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ షిప్ ప్రమాదం తర్వాత రూల్ మార్చారు, ఇప్పుడు బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో తప్పనిసరిగా చెయ్యాలి. ఇందులో మీ గది నుంచి మీ స్టేషన్‌కి దారి ఒకసారి నడిచి చూసుకోండి, గుర్తు చెయ్యడానికి పక్కన ఎవరూ ఉండరు కదా. ఆ సాయంత్రం భోజనం దగ్గరే అసలు నిర్ణయం. చాలామంది ఒంటరిగా వెళ్ళినోళ్ళు సిగ్గుపడి ఇద్దరు కూర్చునే బల్ల అడుగుతారు, రెండో కుర్చీ ఖాళీగా ఎదురుగా చూస్తుంటుంది, మర్నాటి నుంచి బఫేకి పోయి పళ్ళెం పట్టుకుని మూల వెతుక్కుంటారు. అలా చెయ్యకండి. బుకింగ్‌లోనే ఫిక్స్‌డ్ డైనింగ్ (రోజూ ఒకే బల్ల, ఒకే టైం), ఆరుగురు లేదా ఎనిమిది మంది కూర్చునే బల్ల అని పెట్టించుకోండి. నలుగురి బల్ల వద్దు, రెండు జంటలు లేదా ఒక జంట, ఇంకో ఒంటరి మనిషి పడ్డారంటే, అందులో ఒక్కరితో పడకపోయినా వారమంతా తప్పించుకునే దారి లేదు. ఎనిమిది మందిలో ఎవరో ఒకరు కుదురుతారు. అసలు కుదరకపోతే రెండో రోజు పొద్దున్నే మెయిటర్‌డీ, అంటే డైనింగ్ హాల్ పెద్ద దగ్గరికి వెళ్ళి బల్ల మార్చమని అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మూడో రోజు తర్వాత అడిగితే మాత్రం కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది.

రోజూ సాయంత్రం మర్నాటి ప్రోగ్రామ్ కాగితం గదికి వస్తుంది, అందులో సోలో ట్రావెలర్స్ కాఫీ అని ఒకటి ఉంటుంది, మొదటి సముద్రం రోజున తప్పకుండా వెళ్ళండి, తర్వాత వెళ్ళకపోయినా పర్లేదు. అక్కడ పరిచయమైన మొహాలు వారమంతా ఎదురవుతూనే ఉంటాయి. క్వీన్ మేరీలో డాన్స్ హోస్టులు కూడా ఉంటారు, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళతో డాన్స్ చెయ్యడానికి కంపెనీయే పెట్టుకుంటుంది, వాళ్ళు అందరితో వంతులవారీగా చెయ్యాలి, ఒకరి దగ్గరే అతుక్కోకూడదు. ఇంకో చోటు కుక్కల కెన్నెల్స్, 24 ఉన్నాయి, పై డెక్‌లో. యజమానులు వెళ్ళి వాటితో గడపొచ్చు, ఇంగ్లీష్ కుక్కల కోసం ఒక లాంప్ పోస్ట్, అమెరికన్ కుక్కల కోసం ఒక న్యూయార్క్ ఫైర్ హైడ్రెంట్ పెట్టారు, జోక్ కాదు, నిజం. లోపలికి మనల్ని రానివ్వరు గానీ ఆ కుక్కల యజమానులు బల్ల దగ్గర పడితే మీ పంట పండినట్టే, మాటలకి కొదవుండదు.

మీరు ఆడవాళ్ళో మగవాళ్ళో రాయలేదు, ఎవరైనా సరే కొత్తవాళ్ళకి గది నంబర్ చెప్పొద్దు, తాళం కార్డు బల్ల మీద పడేసి లేవొద్దు, ఎవరైనా మరీ వెంటపడుతుంటే మొహమాటపడకుండా రిసెప్షన్‌లో చెప్పండి, ఓడలో సెక్యూరిటీ ఉంటుంది, కెమెరాలు ఉంటాయి, వారమంతా ఇద్దరూ ఒకే ఓడలో ఉండాలి కాబట్టి మొదట్లోనే చెప్పడం మేలు.

బోర్ కొడుతుందేమో అన్నారు. క్వీన్ మేరీలో పొద్దున ఉపన్యాసాలుంటాయి, ప్లానెటేరియం ఉంది, 10,000 పుస్తకాల దాకా ఉన్న లైబ్రరీ 8వ డెక్‌లో ముందు వైపు ఉంది, దాని కిటికీల దగ్గర కుర్చీలు దొరకాలంటే పొద్దున్నే వెళ్ళాలి, ఆ తర్వాత ఎవరూ లేవరు. 7వ డెక్ మీద ఓడ చుట్టూ నడిచే దారి ఉంది, మూడు రౌండ్లు వేస్తే ఇంచుమించు 1.8 కిలోమీటర్లు. మధ్యాహ్నం 12కి కెప్టెన్ మైకులో ఎక్కడున్నామో, లోతెంతో, గాలెంతో చెప్తాడు, రెండో రోజు నుంచి దానికోసం అందరూ మాటలాపి వింటారు. నిజానికి మీకు రావాల్సిన డౌట్ ఇంకోటి: మూడో రోజుకి పరిచయాలు ఎక్కువైపోయి ఒంటరితనం దొరకదు. ఒక్కళ్ళే వెళ్ళింది అందుకే అయితే పూట ఒకటి దాచుకోండి. నేను మధ్యాహ్నం భోజనం గదికి తెప్పించుకుంటాను, ఎవరికీ ఏమీ చెప్పను. రాత్రి నక్షత్రాలు చూడాలంటే డెక్ మీద లైట్ల వల్ల సగం కనపడవు, వెనక వైపు పై డెక్‌లో లైటు తక్కువున్న మూల వెతికి, ఓ పావుగంట కళ్ళని చీకటికి అలవాటు పడనివ్వండి. మబ్బు లేని రాత్రి వారంలో ఒకటో రెండో దొరికితే అదృష్టం.

గాలా నైట్లకి, అంటే అందరూ బాగా ముస్తాబయ్యే రాత్రులకి, సూటో చీరో గౌనో ఏదో ఒకటి పట్టుకెళ్ళండి, వారంలో రెండుంటాయి, ఇష్టం లేకపోతే బఫే, ఒకటి రెండు బార్లు వదిలేస్తారు. విమానంలోలా కిలోల గొడవ లేదు, కానీ ఆ పెట్టె మోసేది మీరొక్కరే అని గుర్తుంచుకోండి. ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే లాగేసుకుంటారు. ఫోన్ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఓడలో శాటిలైట్ టవర్ ఉంటుంది, ఫోన్ దానికి దానంతటదే తగులుకుంటే బిల్లు చూసి గుండాగుతుంది, వైఫై ప్యాకేజీ వేరే కొనుక్కోండి. సబ్బుతో చేతులు కడుక్కోండి, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు.

ఆరోగ్యం గురించి సీరియస్‌గా చెప్తున్నాను. ఓడలో డాక్టరు, నర్సులు, చిన్న ఆసుపత్రి ఉంటాయి, కానీ సముద్రం మధ్యలో హెలికాప్టర్ అందదు, ఒడ్డుకి దగ్గరైతేనే వస్తుంది, అంటే రెండు మూడు రోజుల పాటు ఉన్న వైద్యమే దిక్కు. గుండె, కిడ్నీ సమస్యలుంటే డాక్టర్‌తో మాట్లాడి గానీ బుక్ చెయ్యొద్దు. మెడికల్ ఎవాక్యుయేషన్ (జబ్బు చేస్తే ఓడ నుంచి ఆసుపత్రికి తరలించడం) కూడా కవర్ చేసే ఇన్సూరెన్స్ తీసుకోండి. మందులు పదిరోజులకి ఎక్కువే పట్టుకెళ్ళండి, అన్నీ చేతిసంచిలోనే. వీసా విషయం కూడా, ఓడలో వెళ్ళి చేరినా ఆ దేశంలోకి ప్రవేశించడమే, రేవులో పేపర్లు చూసి, వీసా లేకపోతే కంపెనీయే ఎక్కనివ్వదు. రీపొజిషనింగ్ అయితే మధ్యలో ఆగే రేవులకి కూడా వీసా కావాలి, దిగనండీ గదిలోనే కూర్చుంటానన్నా చాలా కంపెనీలు ఒప్పుకోవు.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, పొద్దున టెర్మినల్‌లో తీసుకోవాలి. అందరి పెట్టెలూ పోయాక, పొద్దున వేసుకోడానికి చెప్పులు లేవని రిసెప్షన్‌కి వచ్చేవాళ్ళు ప్రతి ట్రిప్పులోనూ ఉంటారు. పాస్‌పోర్టు, మందులు, మర్నాటి బట్టలు బయట ఉంచుకోండి. మీ పెట్టె మీరే మొయ్యగలిగితే బయట పెట్టనేవద్దు, సెల్ఫ్ డిసెంబార్కేషన్ అని చెప్పండి, మొదట దిగేది మీరే. అలారం 4కి పెట్టుకోండి, ఓడ తెల్లవారకముందే న్యూయార్క్ రేవు మొదట్లో ఉన్న వెరజానో బ్రిడ్జి కింద నుంచి వెళ్తుంది, పొగగొట్టానికీ బ్రిడ్జికీ మధ్య గ్యాప్ కొన్ని మీటర్లే, తగిలేస్తుందేమో అనిపిస్తుంది. పై డెక్‌లో నిలబడండి, కోటు వేసుకోండి, లిబర్టీ విగ్రహం ఎడమ వైపు వస్తుంది, బ్రూక్లిన్ కుడి వైపు, అందరూ కుడివైపు గుమిగూడితే మీరు ఎడమకి రండి. ఇంకొక్కటి, అక్కడి నుంచి వేరే ఊరికి విమానం ఉంటే అదే రోజు పొద్దున బుక్ చెయ్యకండి. పొగమంచో ఎదురుగాలో ఉంటే ఓడ కొన్ని గంటలు లేటవుతుంది, రెండు వేల పైచిలుకు మంది ఇమిగ్రేషన్ లైన్‌లో ఉంటారు. మర్నాటికి పెట్టుకోండి, మరీ కుదరకపోతే సాయంత్రం ఫ్లైట్. తేదీ ఖాయమయ్యాక గది నంబర్ రాయండి, డెక్ ప్లాన్‌లో చూసి చెప్తాను.